అచ్చియ్యమ్మ కట్టిన ఎర్ర గులాబీ

ఆ రోజు చేయవలసిన పనులు ఇవి:

ఒకటి. అంటుకత్తిని స్పిరిట్‌లో ముంచి, ఆరిన తర్వాతే వాడాలి.

రెండు. చేతులు సబ్బుతో కడుక్కుని గ్లౌజులు వేసుకోవాలి.

మూడు. కన్ను కోసే ముందు కొమ్మ మీది ముళ్ళు తీసేయాలి.

నాలుగు. కోసిన కన్నును నీలం మూత సీసాలోని మందులో వేసి, పది లెక్కపెట్టి తీయాలి.

ఐదు. తీసిన కన్ను ఆరిపోకుండా తడిగుడ్డలో ఉంచాలి.

ఆరు. వేరుమొక్క బెరడు చీల్చి, కన్ను అందులో దూర్చి, ప్లాస్టిక్ పట్టీతో బిగించి కట్టాలి.

ఏడు. మిగిలిన మందు పారబోయకూడదు. సీసాతో సహా తిరిగి ఇచ్చేయాలి.

ఈ ఏడు సూచనలూ రాసింది నూకరత్నం. కడియం వైపు నర్సరీల్లో అంటుకట్టే అచ్చియ్యమ్మకు ఒక్కగానొక్క కూతురు. ఆ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి ఆమే. ఎమ్మెస్సీ చేసి, రాజమండ్రి పొలిమేరలో పూల మొక్కల మీద పరిశోధన చేసే ఒక ప్రయోగశాలలో చేరి మూడేళ్ళయింది.

"మీరే రాయండి రత్నం గారూ. అంటుకట్టేవాళ్ళ పని మీకు తెలిసినంతగా ఇక్కడ ఎవరికీ తెలియదు" అన్నారు డైరెక్టర్ డాక్టర్ సోమయాజి. ఆ మాటకు ఆమె పొంగిపోయింది. రెండు రోజులు కూర్చుని, తల్లికి అర్థమయ్యే తెలుగులో, పెద్ద అక్షరాలతో రాసింది.

నిజానికి ఆమె రాసినవి ఎనిమిది. ఎనిమిదోదాన్ని రెండు గీతలు గీసి కొట్టేసింది. ఆ చిత్తుకాగితాన్ని చించి పారేయడానికి చెయ్యి రాక, ఫైలు అడుగున పెట్టుకుంది.

గులాబీ సంగతి ముందు చెప్పాలి. అది ఇంగ్లండు నుంచి వచ్చింది. పొదలా గుబురుగా పెరుగుతుంది. పువ్వు ముదురు ఎరుపు; బాగా పండి నలుపు తిరిగిన గోరింటాకు రంగు. దొప్పలాంటి పువ్వులో నూరు దాకా రేకులు. చల్లటి గదిలో ఒక్క పువ్వు విచ్చుకుంటే వరండా చివర నడిచేవాడు కూడా ఆగి వెనక్కి చూసేవాడు. కానీ అదే మొక్కను గోదావరి గట్టున తోటలో పెడితే, పొద్దున పది గంటలకల్లా రేకుల అంచులు మాడేవి, వాసన ఎగిరిపోయేది. అంటుకట్టేవాళ్ళు దానికి 'దొరసాని' అని పేరు పెట్టారు. ఎండకి ఓర్చలేదు కదా మరి.

ఆ దొరసానికి వాసన నిలబెట్టడానికి ప్రయోగశాల ఒక సూక్ష్మజీవిని తయారుచేసింది. మొక్క రసంలో బతుకుతూ, ఆ రసంలోని తీపిని తిని, గులాబీ వాసనను తయారుచేయడమే దాని పని; ఆ వాసన నూనే రేకుల అంచులు మాడకుండా కూడా కాపాడుతుంది. మొదటి ఎనిమిది రకాలూ వేడికి చచ్చిపోయాయి. తొమ్మిదోదాన్ని నూకరత్నం నలభై ఆరు డిగ్రీల పెట్టెలో వారం పాటు ఉంచి, భయపడుతూ మూత తీసింది. గులాబీ వాసన గుప్పుమని ముఖానికి కొట్టింది. ఆ రోజు ప్రయోగశాలలో అందరికీ కాకినాడ కాజా పంచారు. పండుగలాగే జరిగింది.

నీలం మూత సీసాలోని మందులో ఉన్నది ఆ తొమ్మిదో రకమే. అది మొక్కలోకి వెళ్ళాలంటే ఒకటే దారి. తాజాగా కోసిన గాయం, ఆరని తడి. అంటే కన్ను అంటు. ఆకు మొదట్లో ఉండే చిన్న మొగ్గను కన్ను అంటారు. దాన్ని గోరంత బెరడుతో సహా కోసి, అడవి గులాబీ వేరుమొక్కకు అతికిస్తారు. ఆ పని చేతితో తప్ప యంత్రంతో అయ్యేది కాదు.

పని మొదలుపెట్టే ముందు జరిగిన సమావేశంలో డాక్టర్ సోమయాజి కళ్ళజోడు తీసి అడిగారు. "ఈ పనిలో ఎక్కడైనా కన్ను మనిషి ఒంటికి తగిలే అవకాశం ఉందా?"

బల్ల చుట్టూ ఉన్న ఆరుగురూ నూకరత్నం వైపు చూశారు.

అవకాశం కాదు. అదే అలవాటు. అచ్చియ్యమ్మ ఒకేసారి ఆరు కన్నులు కోసి కుడి బుగ్గలో పెట్టుకునేది. ఒక్కొక్కదాన్నే నాలుక కొసకు తెచ్చుకుని, రెండు వేళ్ళతో తీసి మొక్కలో దూర్చేది. నోటి తడికి కన్ను ఆరదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. ఆమెకు ఆమె తల్లి నేర్పింది. చిన్నప్పుడు నూకరత్నం బడి నుంచి వచ్చి ఏదైనా అడిగితే, ఆ నిండు బుగ్గతో జవాబు ముద్దముద్దగా వచ్చేది. అది తన తల్లి గొంతేనని చీకట్లో కూడా గుర్తుపట్టేది.

డిగ్రీలో ఉండగా కాలేజీవాళ్ళు నర్సరీ చూడటానికి వచ్చారు. "ఛీ, నోట్లోంచి తీసి పెడుతోంది చూడవే! మనం కొనేవన్నీ ఎంగిలి మొక్కలా?" అని ఒక అమ్మాయి ముక్కు మూసుకుంది. అందరూ నవ్వారు. నూకరత్నం కూడా నవ్వింది. రెండు వరుసల అవతల అచ్చియ్యమ్మ తల వంచుకుని పట్టీ కడుతోంది.

"లేదండి" అంది నూకరత్నం సమావేశంలో. "గ్లౌజులు ఇస్తున్నాం. తడిగుడ్డ ఉంది."

ఆ మాట మినిట్స్ పుస్తకంలోకి ఎక్కింది.

*

డిసెంబరులో అంటుకట్టారు. పద్నాలుగు మంది, నాలుగు వందల మొక్కలు. గోదావరి గట్టున తోటలో, పాక కింద వరుసగా పీటలు వేసుకుని కూర్చున్నారు. నూకరత్నం తెల్లకోటు వేసుకుని నిలబడి సూచనలు చదివి వినిపించింది.

"గ్లౌజులేటే అమ్మడూ, ఆపరేషనా?" అన్నాడు సింహాద్రి. అచ్చియ్యమ్మ పక్క పీట అతనిదే. ఇరవై ఏళ్ళుగా ఆమెను వదినా అనే పిలుస్తాడు.

"ఆపరేషనే బాబాయ్. దొరసానికి."

"అయితే మీ అమ్మ సివిల్ సర్జను, నేను కాంపౌండర్ని. ఏం వదినా?"

"నోర్మూసుకుని కత్తి తుడువు. పిల్ల సదివింది కదా, ఒకటో నెంబరు అదే" అంది అచ్చియ్యమ్మ. కూతురు తెల్లకోటు వేసుకుని అందరికీ చెబుతుంటే ఆమె ముఖం వెలిగిపోతోంది. గ్లౌజు తొడుక్కోబోయి చిటికెన వేలు వచ్చే చోట రెండు వేళ్ళు దూర్చింది. "ఇదేటే, బాతు కాలులా అయిపోయింది" అంటే పాకంతా నవ్వు.

గంటసేపు అంతా సూచనల ప్రకారమే జరిగింది. కానీ గ్లౌజుల్లో వేళ్ళకు కన్ను తెలియడం లేదు. తడిగుడ్డ మీదికి చెయ్యి వెళ్ళి వచ్చేలోపు చీల్చిన బెరడు ముడుచుకుంటోంది. పదకొండు గంటలకు డాక్టర్ సోమయాజి కారు వచ్చింది. నూకరత్నం ఆయనతో పాటు బయలుదేరింది. కారు తలుపు తీస్తూ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది.

అచ్చియ్యమ్మ చేతులకు గ్లౌజులు లేవు. కుడి బుగ్గ నిండుగా ఉబ్బి ఉంది.

తల్లి కూడా చూసింది. పెదవులు విప్పకుండా నవ్వి, మొక్క వైపు తిరిగింది.

"ఏమ్మా, ఏమైనా మరిచిపోయారా?" అన్నారు సోమయాజి కారులోంచి.

"ఏం లేదు సార్" అని నూకరత్నం ఎక్కి కూర్చుంది.

*

మే నెల పదమూడో తారీఖు, మిట్టమధ్యాహ్నం. బయట నలభై నాలుగు డిగ్రీలు. ఆకులు వాలిపోయిన తోటలో నాలుగు వందల పొదలూ ఎర్రగా పూసి నిలబడ్డాయి. ఒక్క రేకు మాడలేదు. వాసన గేటు దాటి రోడ్డు మీదికి వచ్చి, లారీలవాళ్ళు ఆపి దిగి చూస్తున్నారు. డాక్టర్ సోమయాజి ఎండలో టోపీ కూడా లేకుండా నిలబడి పసిపిల్లాడిలా నవ్వారు. "నలభై ఏళ్ళ నా సర్వీసులో ఇది చూస్తాననుకోలేదు రత్నం గారూ" అన్నారు.

పని ఒత్తిడిలో నెలన్నరగా ఇంటికి వెళ్ళని నూకరత్నం ఆ సాయంత్రం ఒక పువ్వు కోసుకుని తల్లి దగ్గరికి వెళ్ళింది.

వీధి మొదట్లోనే మాడు వాసన. ఎవరింట్లోనో పాలు మాడిపోతున్నాయి. నాలుగిళ్ళు దాటేసరికి అది తమ ఇల్లేనని తెలిసింది. లోపలికి పరుగెత్తింది. గిన్నె అడుగు నల్లగా బొగ్గయి, వంటిల్లంతా మాడు వాసన కమ్ముకుని ఉంది. ఆ పొయ్యికి మూరెడు దూరంలో పీట మీద కూర్చుని, అటు వీపు పెట్టి, అచ్చియ్యమ్మ నిదానంగా చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది.

"అమ్మా! పాలు!"

అచ్చియ్యమ్మ ఉలిక్కిపడి తిరిగింది. "అయ్యో, మళ్ళీనా?" అంది.

 నూకరత్నం పొయ్యి ఆర్పి, తల్లిని వెలుతురులోకి తెచ్చి చూసింది. దవడలు లోపలికి పోయాయి. జాకెట్టు భుజాల దగ్గర వేలాడుతోంది.

"వాసన రాలేదా నీకు?"

"వత్తంది. గులాబీ వాసన."

"ఇప్పుడు నేను తెచ్చానులే. అంతకు ముందు?"

"అంతకు ముందూ అదే. సంక్రాంతి ఎల్లిన కాణ్ణించీ అదే. అన్నం ముద్ద నోట్లో ఎట్టుకుంటే గులాబీ. సేపల పులుసు గులాబీ. ఆవకాయ జాడీ మూత తీసి తల లోపలెట్టాను. గులాబీయే. ముద్ద దిగట్లేదే అమ్మడూ. అత్తరు తాగినట్టు ఉంటాది."

నూకరత్నం చేతిలోని పువ్వు కింద పడింది. 

"నాకు చెప్పలేదేం?"

"నీ మొక్కలకి పేరు పోద్దని. తోటలో వాసన బట్టలకి పట్టింది కాబోలనుకున్నాను."

"నీ ఒక్కదానికేనా?"

అచ్చియ్యమ్మ వంగి కింద పడ్డ పువ్వు తీసింది. "సింహాద్రి కుళ్ళిన సేపలు తిని ఆసుపత్రిలో ఉన్నాడు. తినేటప్పుడు ఆడికి తెలీలేదంట" అంది.

*

మర్నాడు నూకరత్నం తల్లి గొంతు వెనక దూదిపుల్లతో తుడిచి, ప్రయోగశాలలో ఒక గాజుపళ్ళెంలో పెట్టింది. మనిషి ఒంటి వేడికి, ముప్పై ఏడు డిగ్రీలకు, పెట్టెను సరిచేసింది. మూడేళ్ళలో ఆ జీవిని ఎన్నెన్ని వేడిమిల దగ్గర పెంచి చూశారో ఆమెకు కంఠతా వచ్చు. కానీ ఎండలో బతికేదాన్ని తయారుచేస్తున్నామంటే, మనిషి ఒంట్లో కూడా బతికేదాన్ని తయారుచేస్తున్నామని ఆ గదిలో ఎవరికీ తట్టలేదు. నలభై ఆరుకు చావనిది ముప్పై ఏడుకు చస్తుందా?

రెండో రోజు మూత తీసింది.

గుప్పుమని కొట్టింది. అదే వాసన. కాజాలు పంచుకున్న రోజు వాసన.

ఆమె స్టూలు మీద అలాగే కూలబడిపోయింది. చేతిలో మూత, ముఖం నిండా గులాబీ.   తాంబూలం వేసుకునే తల్లి చిగుళ్ళలో ఎప్పుడూ చిన్న చిన్న పుళ్ళు ఉంటాయి. తాజా గాయం, ఆరని తడి. మొక్కలోకి వెళ్ళడానికి ఏం కావాలని తాము రాసుకున్నారో అవన్నీ ఆ బుగ్గలో ఉన్నాయి. అక్కడి నుంచి గొంతు వెనకగా ముక్కులోకి పాకింది. వాసన తెలిసే నరాల కొసల మీదే కాపురం పెట్టింది. దాని పని అది చేసుకుపోతోంది.

మిగతా పదముగ్గురి గొంతులూ పరీక్షించింది. పదమూడు పళ్ళాలూ గులాబీ వాసన కొట్టాయి.

*

ముందురోజే విషయం విన్న డాక్టర్ సోమయాజి ఇప్పుడు పరీక్షల కాగితాలు రెండుసార్లు చదివారు. 

"నేను అడిగానమ్మా" అన్నారు చివరికి. "ఒంటికి తగులుతుందా అని అడిగాను. మినిట్స్‌లో ఉంది."

"అడిగారు సార్."

"నిన్న డాక్టర్లతో మాట్లాడాను. జీవిని చంపే మందు ఉంది. పది రోజుల్లో పోతుంది. కానీ ఐదు నెలలుగా అది కూర్చున్న చోట నరాలు మిగిలాయో లేదో చెప్పలేమన్నారు. కొందరికి కొంత తిరిగి రావచ్చు. అంతే." ఆయన కిటికీ వైపు తిరిగారు. "పైవాళ్ళు నివేదిక అడుగుతున్నారు. సూచనలు ఇచ్చాం, అంటుకట్టేవాళ్ళు పాటించలేదు అని రాయమంటున్నారు. గ్లౌజులు తీసేసింది నిజమే కదా. అలా రాస్తే ప్రయోగశాల నిలబడుతుంది. మీ ఉద్యోగం నిలబడుతుంది. రాయాల్సింది మీరే. సూచనలు రాసింది మీరు కనుక."

"అలా రాస్తే వాళ్ళ వైద్యం?"

సోమయాజి కాగితాలు సర్ది ఫైలులో పెట్టారు. తప్పు వాళ్ళదైతే వైద్యం ఖర్చు కూడా వాళ్ళదే. ఆ మాట పైకి అనడానికి ఆయనకు నోరు రాలేదు.

*

ఇంటికి వెళ్ళేసరికి అచ్చియ్యమ్మ ఆవకాయ జాడీ ముందు పెట్టుకుని కూర్చుంది. మూత తీసి ఉంది.

నూకరత్నం ఫైలు అడుగు నుంచి చిత్తుకాగితం తీసి తల్లి ఎదురుగా పరిచింది. తల్లికి చదవడం రాదు. తనే వేలు పెట్టి చదివింది. "ఎనిమిది. కన్నును ఎట్టి పరిస్థితుల్లోనూ నోట్లో పెట్టుకోకూడదు."

"ఈ గీతలేటి?"

"కొట్టేశానమ్మా. మనవాళ్ళు నోట్లో పెట్టుకుంటారని ఆ బల్ల దగ్గర చెప్పాలంటే సిగ్గేసింది. ఎంగిలి అంటారని. అడిగితే లేదని అబద్ధం చెప్పాను." ఆమె ఏడవలేదు.  "కొట్టమ్మా. తిట్టు."

అచ్చియ్యమ్మ కాగితం మీది గీతల్ని వేలితో తడిమింది. ఆమెకు కోపం రాలేదు. అర్థం కాని లెక్క ఏదో ఇప్పుడు కుదురుతున్నట్టు కూతురు ముఖంలోకి చూసింది.

"ఆ రోజు కారెక్కుతా నన్ను సూసావు కదే."

నూకరత్నం కాగితం మీది నుంచి తలెత్తింది.

"నా బుగ్గ సూసావు. తడిగుడ్డలోంచి తీత్తంటే పది కళ్ళు ఎండిపోయాయి, నీ మొక్కలు సచ్చిపోతాయని నోట్లో ఎట్టుకున్నాను. భయంగానే ఉంది. అంతలో నువ్వు తిరిగి సూసావు. ఏం అనలేదు. హమ్మయ్య, పరవాలేదన్నమాట అనుకున్నాను. సదువుకున్న పిల్ల, తప్పయితే సెప్పదా అనుకున్నాను. నన్ను సూసే కదే మిగతావోళ్ళూ ఎట్టుకున్నారు."

నూకరత్నం చిత్తుకాగితాన్ని మడిచి, పైవాళ్ళు అడిగిన నివేదిక సంగతి చెప్పింది.

"ఏం రాత్తావిప్పుడు?" అంది అచ్చియ్యమ్మ.

"జరిగింది రాస్తాను."

"నీ కొలువు?"

"పోతుంది."

అచ్చియ్యమ్మ జాడీని కూతురు వైపు జరిపింది. "ఒకసారి వాసన సూసి సెప్పు. ఈ ఏడు కొత్త ఆవపిండి ఏశాను. ఘాటు సరిపోయిందో లేదో నాకు తెలవట్లేదు."

నూకరత్నం వంగి వాసన చూసింది. ఘాటు ముక్కులోంచి కళ్ళలోకి ఎక్కింది. అప్పుడు ఏడ్చింది.

*

నివేదికకు ఆ చిత్తుకాగితాన్ని జతచేసింది. పద్నాలుగు మందికీ వైద్యం ప్రయోగశాలే చేయించింది. సోమయాజి ఆ నివేదిక కింద ఒక్క అక్షరం మార్చకుండా సంతకం పెట్టారు. అందరికంటే ఎక్కువగా ఆశ్చర్యపోయింది ఆయనేనేమో.

జూన్ మొదటి వారంలో నాలుగు వందల పొదలనూ పెరికి తగలబెట్టారు. ఆ పొగ ఊరంతా గులాబీ వాసన పరిచింది. చిన్నపిల్లలు కూడా వీధుల్లోకి వచ్చి గాలి పీల్చారు. అప్పటికి మందు వాడడం పూర్తయి, పద్నాలుగు మంది గట్టు మీద నిలబడి మంటను చూస్తున్నారు. సింహాద్రి ముక్కు ఎగబీల్చి, "వదినా, ఏమన్నా వత్తందా?" అన్నాడు.

"లేదు రా. ఆ గులాబీ కూడా పోయింది" అంది అచ్చియ్యమ్మ.

సింహాద్రికీ మరో నలుగురికీ ఏడాది తిరిగేసరికి కొంచెం కొంచెంగా వాసన వచ్చింది. అచ్చియ్యమ్మకు రాలేదు. మొక్కలకు వచ్చే వేరుకుళ్ళు తెగులును పూర్వం ముక్కుతో పట్టేది, ఇప్పుడు వేళ్ళతో మట్టి నలిపి పడుతుంది. ఉద్యోగం పోయిన నూకరత్నం అదే నర్సరీలో మొక్కల చీడలు చూస్తోంది. రోజూ వంట అయ్యాక తల్లి ముందు ఒక్కొక్క గిన్నె మూతా తీసి, దాని వాసన ఎలా ఉందో మాటల్లో చెబుతుంది. చెప్పడం అంత సులువు కాదు. మొదట్లో 'బాగుంది' అనేది. "బాగుందంటే ఎల్లాగే, సరిగ్గా సెప్పు" అని తల్లి కసిరేది. ఇప్పుడు కొంచెం నేర్చుకుంది.

మూడేళ్ళ తర్వాత ఆ ప్రయోగశాల పదో రకాన్ని తయారుచేసింది. అది ఎండను తట్టుకుంటుంది. మనిషి నోటి తడి తగిలితే చచ్చిపోతుంది. దానితో అంటుకట్టిన దొరసాని గులాబీ ఇప్పుడు అన్ని నర్సరీల్లోనూ దొరుకుతోంది. మొక్కకు కట్టిన అట్టముక్క మీద దాని ఇంగ్లండు పేరే ఉంటుంది. దాన్ని అంటుకట్టేవాళ్ళకు ఇచ్చే కాగితం మీద ఇప్పుడు ఎనిమిది సూచనలు ఉంటాయి.

మీ పెరట్లో ఆ ఎర్ర గులాబీ ఉంటే, నడివేసవిలో అది పూసినప్పుడు మీరు తప్పకుండా వంగి వాసన చూస్తారు. చూడండి, దాని కోసమే పెంచుకున్నారు. ఒక్కటే అడుగుతున్నాను. ఆ ఊపిరి వదిలే ముందు, ఈ గులాబీ కళ్ళు ఎండిపోకూడదని తన బుగ్గలో దాచుకున్న అచ్చియ్యమ్మను ఒక్కసారి తలుచుకోండి.